గ్రీకు దేవుళ్లు మా గేమ్‌లో ఏటీఎంలయిపోయారు, పూజని టేబుల్ మీద ఎలా ఆడించాలి?

ఇరవైముఖాల_పాచిక
క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీసు లాంటి లోకంలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలుగా ఆడే పాచికల ఆట) ఫిఫ్త్ ఎడిషన్ క్యాంపెయిన్. అయిదుగురు ఆటగాళ్లు, నాలుగో లెవెల్, ఒకరు అథీనా క్లరిక్ (దేవత ఇచ్చిన శక్తితో మంత్రాలు వేసే పాత్ర). దేవుళ్లున్నారన్న మాటే గానీ పూజ అన్నది లేదు. గుడి కనబడగానే "యాభై గోల్డ్, ఒక గొర్రె, బ్లెస్ ఇచ్చెయ్" అంటారు. నేను ఇచ్చేస్తాను. కార్డు పెట్టావా, డబ్బులు తీసుకున్నావా, అంతే.

2014 హ్యాండ్‌బుక్ వెనకాల గ్రీకు పట్టిక చూస్తే పేరు, అలైన్‌మెంట్ (మంచీ చెడూ గుణం), డొమైన్ (ఆ దేవుడి శక్తుల శాఖ), గుర్తు తప్ప ఇంకేం లేదు. అందులో హేరాకి ట్రిక్కరీ, అంటే మాయోపాయాల డొమైన్! పెళ్లిళ్లు కాపాడే దేవతకి!

బలి, మొక్కు, సోదె ఈ మూడూ టేబుల్ మీద అయిదు నిమిషాల్లో అయిపోవాలి, కానీ తర్వాతి సెషన్‌లో కూడా దాని ఫలితం తగలాలి. ఎవరి దగ్గరైనా పనిచేసే పద్ధతి ఉందా?

రూల్స్_లాయర్
క్లరిక్ క్లాస్ తీసెయ్. సమస్య ఖతం.

ఇరవైముఖాల_పాచిక
ఆ క్లరిక్ ఆడేది మా ఆవిడ. నువ్వే వచ్చి చెప్పు.

గుడ్లగూబ
తీసెయ్యక్కర్లేదు. "అథీనా క్లరిక్" అన్నదాంట్లో అథీనా పక్కన ఇంకో పేరు చేర్చు చాలు.

గ్రీకులు మొక్కేటప్పుడు ఉత్త అథీనాతో ఆగరు. ఊరిని కాచేది పోలియాస్, చేతిపనులు చూసేది ఎర్గానే, ఒంటికి ఆరోగ్యం ఇచ్చేది హిగియేయా, గెలుపు ఇచ్చేది నికే. ఏథెన్స్ కొండ ఒక్కటే, కానీ పోలియాస్‌కీ నికేకీ హిగియేయాకీ వేర్వేరు బలిపీఠాలు. వేంకటేశ్వరుడు ఒక్కడే అని తెలిసినా వీసా కోసం చిలుకూరే ఎందుకు పోతారు మనవాళ్లు? అదే లెక్క.

దేవుళ్లకి పెద్ద జ్యూస్ అయితే మరీను. ఇంటి ముంగిట హెర్కేయోస్, సామాన్ల గదిలో క్తేసియోస్, అతిథి గడప తొక్కితే క్సేనియోస్, ఒట్టు వేస్తే హోర్కియోస్. ఒలింపియాలో హోర్కియోస్ విగ్రహానికి రెండు చేతుల్లోనూ పిడుగులే. పోటీకొచ్చినవాళ్లు దాని ముందు అడవిపంది మాంసం ముక్కల మీద ఒట్టేసి, పది నెలలు నియమం తప్పకుండా సాధన చేశామని చెప్పాలి. వాళ్ల తండ్రులు, అన్నదమ్ములు కూడా మోసం చెయ్యమని ఒట్టెయ్యాలి.

ఇది గేమ్‌లో ఎలా పనికొస్తుందో ఏథెన్స్ సైనికుడూ రచయితా అయిన క్సేనోఫోనే చూపించాడు. పర్షియా మీదికి దండయాత్రకి పోయి తిరిగొచ్చేసరికి చేతిలో పైసా లేదు, గుర్రం కూడా అమ్ముకున్నాడు. యూక్లైడెస్ అనే సోదెగాడు బలి పేగులు చూసి "నిజమే, నీ దగ్గరేం లేదు. నీకు అడ్డు పడుతున్నది జ్యూస్ మెయిలిఖియోస్, ఆయనకి ఎప్పుడైనా ఇచ్చావా?" అన్నాడు. దారి పొడుగునా "రాజు" అన్న పేరుతో జ్యూస్‌కి బలులిస్తూ వచ్చినవాడే, మెయిలిఖియోస్‌కి మాత్రం ఇవ్వలేదు. మర్నాడు పందుల్ని మొత్తం మంటకిచ్చాడు. ఆ రోజే సైన్యానికి డబ్బొచ్చింది, అమ్మిన గుర్రాన్ని స్నేహితులు కొని తెచ్చిచ్చారు.

ఒకే దేవుడు. ఒక పేరుతో ప్రసన్నం, ఇంకో పేరుతో బాకీ. అలైన్‌మెంట్ గడిలో ఇది పట్టదు.

పాత్ర వివరాలుండే షీట్ మీద క్లరిక్ డొమైన్ పక్కన మూడు ముక్కలు రాయించు: ఏ పేరు, ఏ ఊరి పీఠం, ఆఖరిసారి ఏమిచ్చారు.

రూల్స్_లాయర్
పన్నెండుమంది దేవుళ్లు, తలా పది పేర్లు. ఆటగాళ్లకి తమ స్పెల్సే గుర్తుండవు బాసూ.

గుడ్లగూబ
అన్నీ ఒకేసారి ఎవడు పెట్టమన్నాడు? ఊరికి మూడు పీఠాలు. మూడోది పార్టీకి (ఆటగాళ్ల పాత్రల గుంపుకి) అక్కర్లేనిదిగా కనబడాలి. తర్వాత అడ్డం పడేది అదే.

వంటింటి_హోమర్
బలి సంగతి నేను చెప్తాను. ముందు మ్యాప్ సరిచేసుకోండి. తొంభై శాతం మ్యాపుల్లో బలిపీఠం గుడి లోపల గీస్తారు. తప్పు. పీఠం బయట, ఆరుబయట, మామూలుగా తూర్పు వాకిలికి ఎదురుగా. గుడి విగ్రహం ఉండే ఇల్లు. జనం, పొగ, రక్తం, వంట అన్నీ బయటే. మీ పోరాటం పూజ మధ్యలో పెట్టాలనుకుంటే ఈ తేడాతో మొత్తం మారిపోతుంది.

వరస ఇది. ఊరేగింపుగా జంతువుని తెస్తారు, దండలు వేసి, ఎద్దయితే కొమ్ములకి బంగారు రేకు కూడా. ఒక అమ్మాయి బుట్ట మోస్తుంది, అందులో బార్లీ గింజలు, గింజల కింద కత్తి. చేతులు కడుగుతారు, జంతువు తల మీద నీళ్లు చల్లుతారు, అది తలాడిస్తుంది. (తలాడించడమంటే ఒప్పుకున్నట్టే అని పాత పుస్తకాలు. అందరూ ఒప్పుకోరు, గేమ్‌కి మాత్రం బ్రహ్మాండం.) ప్రార్థన, గింజలు విసరడం, నుదుటి వెంట్రుకలు కోసి నిప్పులో వెయ్యడం, గొంతు కొయ్యడం. ఆ క్షణంలో ఆడవాళ్లు గట్టిగా ఊళ పెడతారు. నెత్తురు పీఠానికి తగలాలి.

తర్వాతదే అసలు. దేవుడికి తొడ ఎముకలు, వాటికి చుట్టిన కొవ్వు, తోక భాగం. అంతే! మంటలో తోక పైకి వంకర తిరిగితే శుభం. గుండె, కాలేయం, మూత్రపిండాలు చువ్వలకి గుచ్చి కాల్చి దగ్గరివాళ్లు ముందు తింటారు. మిగతా మాంసం ఉడకబెట్టి జనానికి పంపకం. తోలు, ఒక కాలు తరచుగా పూజారి వాటా.

అంటే బలి అయ్యాక పార్టీ చేతిలో మాంసం ఉంటుంది. మీ ఆటగాళ్లు దాన్ని ఏం చేశారని ఎప్పుడైనా అడిగారా?

ఇరవైముఖాల_పాచిక
అడగలేదు. నేను మొత్తం కాల్చేశామనే అనుకున్నా.

వంటింటి_హోమర్
మొత్తం కాల్చే పద్ధతి వేరే, పైన మెయిలిఖియోస్‌కి చేసినట్టు. మామూలు బలికి విందు ఉండాలి. అయిదుగురు ఒక ఎద్దుని తినలేరు, ఊరిని పిలవాలి. పిలిస్తే ఊళ్లో ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరికి మంచి ముక్క పడింది. ఒక సెషన్‌కి సరిపడా గొడవ అక్కడే పుడుతుంది.

కొలిమి_గీత
పై దేవుళ్లకి ఎత్తు పీఠం, తెల్ల జంతువు, విందు. పాతాళం వాళ్లకి గొయ్యి, నల్ల జంతువు, మొత్తం దహనం అని రెండు టెంప్లేట్లు పెట్టుకుంటే జీఎంకి (ఆట నడిపేవాళ్లకి) సుఖం కదా.

గుడ్లగూబ
సుఖమే, కానీ నేల మీద అంత శుభ్రంగా ఉండేది కాదు గీతగారూ. వీరులకి ఇచ్చే బలుల్లో కూడా చాలాచోట్ల తినేవాళ్లు. నేనయితే టెంప్లేట్ బదులు పీఠానికో రాతిపలక పెట్టి దానిమీద రూల్ చెక్కిస్తాను. ఏథెన్స్ దగ్గర ఎర్ఖియా ఊరి పూజల పట్టిక (క్రీ.పూ. 4వ శతాబ్దం) అలాగే ఉంటుంది: ఫలానా రోజు, ఫలానా దేవత, ఫలానా జంతువు, ధర ఇంత, కొన్నిటి పక్కన "మాంసం బయటికి పోకూడదు", కొన్నిటి పక్కన "సారా లేకుండా". ఆటగాళ్లు చదవకుండా మాంసం మూట కట్టుకుపోతే పాపం వాళ్లదే.

రూల్స్_లాయర్
సారా కాదు, ద్రాక్షమద్యం. సారా అంటే నాటుది.

గుడ్లగూబ
సరే మద్యం. లాయర్‌గిరీ ఇక్కడ కూడానా?

దమ్మిడీ_దస్తావేజు
ధరలు ఆ పట్టికలోంచే: పందిపిల్ల 3 ద్రాఖ్మాలు, గొర్రె 10 నుంచి 12. అంతకు కొంచెం ముందు కాలంలో, 5వ శతాబ్దం చివర, ఏథెన్స్‌లో గుడి కట్టే పనివాడి కూలీ రోజుకి 1 ద్రాఖ్మా. అంటే గొర్రె అంటే పదిరోజుల పైచిలుకు కష్టం. 6 ఒబోల్‌లు ఒక ద్రాఖ్మా, 100 ద్రాఖ్మాలు ఒక మీనా, 60 మీనాలు ఒక తాలెంతం. గోల్డ్ పీస్‌లు తీసేసి ద్రాఖ్మాలు పెట్టండి. నాలుగో లెవెల్ పార్టీ దగ్గర వందల గోల్డ్ మూలుగుతుంటే బలికి విలువేముంటుంది? అసలు ఏటీఎం జబ్బు అక్కడే ఉంది.

కొలిమి_గీత
అయిదు నిమిషాల రూల్ కావాలన్నారు కదా. ఇది పెట్టి చూడండి.

ఆటగాడు మూడు మాటలు పైకి చెప్పాలి: ఎవరికి (పేరుతో సహా), ఏం ఇస్తున్నాం, ఏం అడుగుతున్నాం. తర్వాత డీ20 (ఇరవై ముఖాల పాచిక) వెయ్యాలి. పందిపిల్లకి 1, గొర్రెకీ మేకకీ 2, ఎద్దుకి 4 కలపాలి.
మొత్తం 12 లేదా పైన: శకునం కుదిరింది. ఆ పేరు పరిధిలోకి వచ్చే పనికి ఒక పాచిక మళ్లీ వేసుకునే టోకెన్.
7 నుంచి 11: తేలలేదు. ఇంకో జంతువు తెచ్చి మళ్లీ అడగొచ్చు.
6 లేదా కింద: ఇవాళ్టికి లేదు.

గొర్రెతో అయితే 55 శాతం కుదురుతుంది, 25 శాతం తేలదు, 20 శాతం కాదు. రోజుకి మూడుసార్లకి మించి అడగకూడదు. ఈ మూడు కూడా నేను కల్పించింది కాదు. కాల్పే రేవు దగ్గర క్సేనోఫోన్ సైన్యం బయల్దేరాలని రోజుకి మూడేసిసార్లు బలులిచ్చింది, కుదరలేదు. గొర్రెలు అయిపోతే బండి లాగే ఎద్దుల్ని కొని కోశారు, అప్పుడూ కుదరలేదు. ఆకలికి ఆగలేక నెయోన్ అనే నాయకుడు శకునం లేకుండానే కొందరిని తీసుకుని తిండి కోసం పోయాడు, అయిదు వందలమందికి తక్కువ కాకుండా చచ్చారు.

రూల్స్_లాయర్
పది పందిపిల్లలు, ప్లస్ పది. 30 ద్రాఖ్మాలకి ఎద్దుని మించిపోయా. మీ రూల్ పగిలింది.

కొలిమి_గీత
అతి పెద్ద జంతువుది ఒక్కటే లెక్క. మిగిలిన తొమ్మిదింటికి సోదెగాడు "ఎవరికి ఇచ్చావో స్పష్టంగా చెప్పు" అంటాడు.

గుడ్లగూబ
ఇంకోటి. తప్పు పేరుకి ఇచ్చినా పాచిక మామూలుగానే వెయ్యనివ్వండి, టోకెన్ కూడా రానివ్వండి. అది అవసరమైన పనికి పనిచెయ్యదు, అంతే. మైనస్ అయిదు పెట్టారో, ఆటగాళ్లకి తప్పని వెంటనే తెలిసిపోతుంది, సోదెగాడితో పని ఉండదు.

నీలిడ్రాగన్
ఇంత తంటా ఎందుకు? 2020లో ఇదే ఆటకి వచ్చిన థెరోస్ పుస్తకంలో పయటీ (భక్తి) స్కోర్ ఉంది. దేవుణ్ణి ఎంచుకోగానే 1, తర్వాత 3, 10, 25, 50 దగ్గర వరాలు. రెడీమేడ్.

గుడ్లగూబ
అది ఒక్కడినే పట్టుకుని నిచ్చెన ఎక్కడం. గ్రీకువాడు పొద్దున ఇంట్లో హెస్తియాకి, ఓడెక్కే ముందు పొసైదోన్‌కి, పక్క ఊరెళ్తే ఆ ఊరి దేవతకి ఇస్తాడు. ఒకరికే అంటుకుని మిగతావాళ్లని పట్టించుకోకపోతే ఏమవుతుందో గ్రీకు కథల్లోని రాకుమారుడు హిప్పోలితోస్‌ని అడుగు. వేట దేవత అర్తెమిస్ తప్ప ఇంకెవరూ వద్దన్నాడు, ప్రేమ దేవత ఆఫ్రొదీతి వదల్లేదు.

నీలిడ్రాగన్
షీట్ మీద పెరిగే నంబర్ కనబడితేనే ఆటగాడు గుడికి పోతాడు అన్నా. మీ రాతిపలకలు బాగున్నాయి గానీ శనివారం రాత్రి పదకొండింటికి వాటిని ఎవడూ చదవడు.

కొలిమి_గీత
నీలిడ్రాగన్ చెప్పింది కొట్టిపారెయ్యలేం. స్కోర్ ఉంచండి, కానీ దేవుడికి కాదు, ఊరి పీఠానికి ఇవ్వండి. కోరింత్‌లో సంపాదించింది కోరింత్‌లోనే చెల్లుతుంది. నంబర్ ఉంటుంది, ఊరు మారితే మళ్లీ మొదలు.

నీలిడ్రాగన్
ఇది ఓకే.

దమ్మిడీ_దస్తావేజు
క్లరిక్ సంగతి కూడా తేల్చేద్దాం. పూజారితనం అక్కడ ఉద్యోగమో, వంశహక్కో, చీటీల్లో వచ్చే పదవో. ఏథెన్స్‌లో అథీనా పోలియాస్ పూజారిణి ఎతెయోబూతాద్ వంశం నుంచే రావాలి. లిసిమాఖే అనే ఆవిడ 64 ఏళ్లు ఆ పని చేసిందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. చిన్నాసియా ఊళ్లలో పూజారితనాన్ని వేలంలో అమ్మేవాళ్లు కూడా. వీళ్లెవరూ పీఠం వదిలి గుహల్లో అస్థిపంజరాలతో కొట్లాడరు. తిరిగే మనిషి కావాలంటే సోదెగాడు, అంటే మాంతిస్. సైన్యంతో పాటు జీతానికి పోతాడు, కాలేయం చూస్తాడు, దానికి తమ్మె లేకపోతే గండం. క్లాస్ మెకానిక్స్ అలాగే ఉంచి పేరూ పనీ మార్చండి, మీ ఇంట్లో గొడవా ఉండదు.

ఇరవైముఖాల_పాచిక
అడిగాను. "కాలేయం నేను చూడను, యాక్" అంది. తను శాకాహారి. బలి వర్ణన వచ్చినప్పుడల్లా ఫోన్ చూసుకుంటుంది.

వంటింటి_హోమర్
దానికీ అక్కడే దారుంది. ఏథెన్స్ ఎరెఖ్తేయోన్ గుడి ముందు జ్యూస్ హిపాతోస్ పీఠం మీద ప్రాణమున్నదేదీ పెట్టరు, రొట్టెలే, మద్యం కూడా ఉండదు. దేలోస్‌లో అపోలో గెనెతోర్ పీఠానికి నెత్తురు తగలకూడదు, పితాగొరస్ మొక్కింది దానికేనని చెప్తారు. ఆవిణ్ణి ఆ పీఠం మనిషిని చెయ్యండి. బోనస్ గొర్రెతో సమానంగా 2 ఇవ్వండి, బదులుగా ఆమె నెత్తుటి చేతులతో పీఠం దగ్గరికి రాకూడదు.

ధారపోత కూడా ఉంది. దేవుళ్లకి నీళ్లు కలిపిన మద్యం కొంచెం ఒంపి మిగతాది తాగుతారు. చచ్చినవాళ్లకయితే తేనె, పాలు, నూనె, నీళ్లు, మొత్తం నేలకే.

మైలగుడ్డ
నెత్తుటి చేతులన్నారు కాబట్టి. గ్రీకు మియాస్మాకి మన మైల అన్న మాట అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. పురుడు, చావు, హత్య. చావు జరిగిన ఇంటి వాకిట్లో పక్కింటి నుంచి తెచ్చిన నీళ్లకుండ పెడతారు, బయటికొచ్చేవాళ్లు చల్లుకోవడానికి. గుడి ఆవరణ మొదట్లో కూడా నీళ్ల తొట్టి ఉంటుంది. ఆటగాళ్లకి మైల పాయింట్లు ఇవ్వండి, ఒక్కోదానికి బలి పాచికలో 2 తగ్గించండి.

రూల్స్_లాయర్
పార్టీ ఇరవై నిమిషాలకొకణ్ణి చంపుతుంది. మూడో సెషన్‌కి మైనస్ నలభై.

మైలగుడ్డ
యుద్ధంలో శత్రువు చావు హత్య లెక్కలోకి రాదు, కడుక్కుంటే చాలు. హోమర్ ఇలియడ్‌లో తల్లి మద్యం తెస్తే ట్రాయ్ వీరుడు హెక్టర్ ఏమన్నాడు? కడగని చేతులతో జ్యూస్‌కి ధారపొయ్యడానికి భయం, నెత్తురూ మట్టీ అంటుకుని మొక్కకూడదు అన్నాడు. కాబట్టి పోరాటం తర్వాత "చేతులు కడుక్కున్నారా?" అని ఒక్కసారే అడగండి. ఆ ప్రశ్న మళ్లీ గుర్తుచెయ్యకండి.

హత్య వేరు. లొంగినవాణ్ణి, అతిథిని, పీఠం పట్టుకున్నవాణ్ణి చంపితే నీళ్లకి పోదు. పందిపిల్లని కోసి ఆ నెత్తురు హంతకుడి మీద కార్చి తర్వాత కడగాలి. అదీ ఇంకొకరు చెయ్యాలి, తనకి తాను చేసుకోలేడు. చేసేవాణ్ణి వెతుక్కోవడమే క్వెస్ట్.

కొలిమి_గీత
మొక్కు గురించి ఎవరూ మాట్లాడలేదు. నా లెక్కలో ఇది బలి కన్నా బాగా ఆడుతుంది, ఎందుకంటే టోకెన్ ముందు, చెల్లింపు తర్వాత. పర్షియన్లతో మారథాన్ యుద్ధం ముందు ఏథెన్స్ వాళ్లు అర్తెమిస్ అగ్రోతెరాకి చంపిన ప్రతి శత్రువుకీ ఒక మేక అని మొక్కుకున్నారు. హెరొడొటస్ లెక్కన చచ్చింది 6,400. అన్ని మేకలు ఎక్కడ తెస్తారు? ఏడాదికి 500 చొప్పున కట్టుకుంటామని తీర్మానించారు. లెక్క ప్రకారం పదమూడేళ్లలో తీరిపోవాలి. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత క్సేనోఫోన్ ఇంకా ఇస్తూనే ఉన్నారంటాడు.

పోరాటం మధ్యలో కూడా మొక్కుకోనివ్వండి. ఒకే షరతు: ఇచ్చేది ముందే తెలియని అంకె మీద ఆధారపడాలి. "తలకో మేక", "దొరికిన దాంట్లో పదో వంతు". తీర్చేదాకా ఆ దేవుడి ఏ పేరు దగ్గరా కొత్త టోకెన్ రాదు.

నీలిడ్రాగన్
"తలకో మేక" అని హైడ్రా (చాలా తలల పాము) ముందు మొక్కుకునేవాడు నాకు కావాలి.

రూల్స్_లాయర్
నరికిన చోట రెండు మొలుస్తాయి కదా, ఏ తలల లెక్క? మొదటివా మొత్తమా?

మైలగుడ్డ
పూజారికి తోలు వాటా ఉంది. మొత్తమే అంటాడు.

ఇరవైముఖాల_పాచిక
ఇది శనివారమే పెడుతున్నా. సోదె ఒక్కటి మిగిలింది. వాళ్లు డెల్ఫీకి, అపోలో సోదె చెప్పే చోటికి పోతున్నారు. మర్మంగా ఏదో పద్యం చెప్పేసి పంపాలా?

గుడ్లగూబ
పద్యం ఆఖరి పని. ముందు తేదీ. నెలకి ఒక్క రోజు, ఏడో తేదీ. చలికాలం మూడు నెలలు అపోలో ఊళ్లో ఉండడు, కాబట్టి ఏడాదికి తొమ్మిది రోజులే. వరసలో ముందు నిలబడే హక్కు కొన్ని ఊళ్లకి ఉంటుంది, ఖియోస్ దీవి వాళ్లకి ఉన్నట్టు పీఠం మీదే చెక్కారు. మీ పార్టీ ఎవరి పేరు మీద నిలబడుతుంది? అక్కడే బేరం మొదలు.

తర్వాత మేక. చన్నీళ్లు పోస్తే ఒళ్లంతా వణకాలి. వణకకపోతే దేవుడు లేనట్టే, వాకిలి మూత. డెల్ఫీలోనే పూజారిగా చేసిన ప్లూటార్క్ ఒక కేసు రాశాడు. మేక కదలకపోతే నీళ్లు కుమ్మరించి కుమ్మరించి బలవంతంగా వణికించారు. ఇష్టం లేకుండా సోదె గదిలోకి దిగిన పూజారిణి గొంతు మారిపోయి, అరుస్తూ బయటికి పరిగెత్తింది, జనం పారిపోయారు, కొద్దిరోజులకే చనిపోయింది. ఆటగాళ్లు మేకని తోసినా గిల్లినా అడ్డు చెప్పకండి. రాసుకోండి, అంతే.

మూడోది ప్రశ్న. దాన్ని ఆటగాళ్ల చేత కాగితం మీద రాయించండి. క్సేనోఫోన్ డెల్ఫీకి వెళ్లి "ఏ దేవుళ్లకి బలిస్తే ప్రయాణం క్షేమం?" అని అడిగాడు, జవాబొచ్చింది. ఇంటికొస్తే సోక్రటీస్ చివాట్లు: "వెళ్లాలా వద్దా అని కదా ముందు అడగాల్సింది?" అడిగినదానికి నిజమైన జవాబు ఇవ్వండి. అడగనిది ఇవ్వకండి.

దమ్మిడీ_దస్తావేజు
అన్నీ రాజ్యాల ప్రశ్నలే కానక్కర్లేదు. దొదోనా అనే ఇంకో సోదె చోట సీసపు రేకుల మీద రాసి అడిగేవాళ్లు, రేకులు వేలల్లో దొరికాయి. లిసానియాస్ అనేవాడు ఆ కడుపులో బిడ్డ తనదేనా అని అడిగాడు. అగిస్ అనేవాడు పోయిన పరుపులు, దిండ్లు బయటివాడెవడైనా ఎత్తుకుపోయాడా అని అడిగాడు. ఎన్‌పీసీలకి (జీఎం ఆడించే పాత్రలకి) ఇలాంటివి పెట్టండి, వరసలో నిలబడ్డప్పుడు పార్టీ వింటుంది.

నీలిడ్రాగన్
దిండు దొంగ మన రోగ్ (దొంగతనాలు తెలిసిన పాత్ర) అయ్యుంటాడు.

మైలగుడ్డ
తర్వాత ఎలూసిస్ (రహస్య దీక్షలిచ్చే గుడి) పెట్టే ఆలోచన ఉంటే లోపల జరిగింది వర్ణించకండి. దీక్షకి హంతకులు రాకూడదు, గ్రీకు వచ్చి ఉండాలి, పందిపిల్లతో సహా సముద్రంలో మునగాలి, బార్లీ–పుదీనా జాతి ఆకు కలిపిన కికెయోన్ అనే పానీయం తాగాలి. అక్కడిదాకా ఆడించి, తలుపు దగ్గర సీన్ కట్ చేసి, దీక్ష తీసుకున్న ఆటగాడికి చీటీ ఇవ్వండి. చీటీలో ఏముందో టేబుల్ మీద చెప్పాడా, గేమ్‌లోనూ చెప్పినట్టే. క్రీ.పూ. 200 ప్రాంతంలో పడమటి గ్రీసులోని అకర్నానియా కుర్రాళ్లిద్దరు తెలియక గుంపుతో లోపలికి పోయారు, అడ్డదిడ్డంగా ప్రశ్నలడిగి దొరికిపోయారు. తెలియక వచ్చారని ఒప్పుకుని మరీ చంపారు, అది యుద్ధానికి దారితీసింది.

కొలిమి_గీత
ఇంకో మాట. ఈ దేవుళ్లని ఇప్పటికీ కొలిచేవాళ్లు ఉన్నారు, 2017లో గ్రీసులో వాళ్ల మతానికి గుర్తింపు వచ్చింది. ఆన్‌లైన్ టేబుల్ అయితే జ్యూస్ మీద జోకులేసే ముందు ఎవరున్నారో చూసుకోండి.

ఇరవైముఖాల_పాచిక
నోట్ చేసుకున్నా. శనివారానికి: ద్రాఖ్మాలు, ఊరికి మూడు పీఠాలు, గీతగారి పాచిక, ఆవిడకి నెత్తురు లేని అపోలో పీఠం, చివర్లో డెల్ఫీ. మేక వణికిందో లేదో కూడా డీ20యేనా?

గుడ్లగూబ
అవును. 5 లోపు పడితే వణకలేదు. పాచిక ఆటగాళ్ల చేతే వేయించు.

రూల్స్_లాయర్
పడితే? క్యాంపెయిన్ అక్కడే ఆగిపోతుందా?

గుడ్లగూబ
వచ్చే ఏడో తేదీ దాకా ఊళ్లో ఉండాలి. తిండి ఖర్చు, వరసలో కొత్త జనం, దిండు పోగొట్టుకున్నవాడు.

ఇరవైముఖాల_పాచిక
శనివారం పడిన తేదీ చూశారా? 7.